ఒక్క గుడి తక్కువైంది

ఇల్లు, వెనక వసారా

శ్రీవారికి,

మీరు రైలుకి బయల్దేరిన రోజు గేటు దాకా వచ్చి ఏదో చెప్పబోయి ఆగిపోయాను. "ఏంటీ?" అన్నారు మీరు. "ఏం లేదు" అన్నాను. ఆ ఏం లేదులో చాలా ఉంది. పెళ్ళయి ఇన్ని నెలలైనా మీ ముందు నా నోటి నుంచి "ఊ", "ఆ", "వడ్డించనా" తప్ప నాలుగో మాట వచ్చినట్టు గుర్తు లేదు. కాగితం దగ్గర నాకు ఆ బాధ లేదు. అది తిరిగి నా మొహంలోకి చూడదు.

ఇది రాస్తుంటే అత్తయ్య రెండుసార్లు వచ్చి తొంగి చూశారు. "మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటావు కదే, వాడికి అన్నేసి పేజీలు ఏం రాస్తున్నావు?" అన్నారు. "క్షేమసమాచారాలు" అన్నాను. "మీ ఇద్దరి క్షేమానికి అంత కాగితం అక్కర్లేదు" అనేసి వెళ్ళారు.

మీరు నాకు ఒక మాట ఇచ్చారు, మర్చిపోకండి. బ్రష్ పట్టుకునే ముందు ప్రతి మాటా నాకు రాసి పంపుతానన్నారు. మీ అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి, కాదనను. కానీ ఏ అక్షరం ఎక్కడుండాలో అన్న విషయంలో మీకు బొత్తిగా పట్టింపు లేదు. పాలవాడి కొట్టు బోర్డు మీద "స్వచ్ఛమైన పాపాలు ఇచ్చట దొరుకును" అని రాసిచ్చారు. ఆ వారం వాడికి గిరాకీ పెరిగిన మాట నిజమే కానీ, అందరికీ అంత అదృష్టం ఉండదు. నేను చదివింది అయిదో తరగతే అయినా డిక్టేషన్‌లో ఏనాడూ తప్పు పోలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే, వాడుకోండి.

మీరు వదిలేసి వెళ్ళిన డబ్బాలో ఎర్రరంగు గట్టిపడింది. ఏం కలిపితే పలచబడుతుంది? అత్తయ్య కిటికీ ఊచలకి వేయిద్దామంటున్నారు. అందుకే అడుగుతున్నాను, ఇంకేం లేదు.

ఇట్లు,
మీ
(తర్వాత ఏం రాయాలో తెలియక వదిలేశాను)

—

ప్రదర్శనశాల, మెట్ల కింద గది

నోరులేని శ్రీమతికి,

నీ ఉత్తరం కావలివాడు నా చేతిలో పెడుతూ "బరువుగా ఉందే, ఇంటి దగ్గర ఏమైనా గొడవా?" అన్నాడు. మా ఆవిడకి మాటలు రావన్నాను. "మరి ఇందులో ఏముంది, రాళ్ళా?" అన్నాడు.

మెట్ల కింద గదిలో నేనూ, ఒక నిచ్చెనా ఉంటున్నాం. నిచ్చెనకి ఒక మెట్టు లేదు. మనం లేచి నిలబడితే తల మెట్లకి తగులుతుంది కాబట్టి వినయంగా ఉండడం అలవాటవుతోంది. బయట హాలంతా పురుగులే. కొన్ని గాజుపెట్టెల్లో సూదులకి గుచ్చి ఉన్నాయి, కొన్ని జాలీ బోనుల్లో బతికే ఉండి ఆకులు నములుతున్నాయి. పొద్దున్నే హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ నమిలే చప్పుడు వినిపిస్తుంది, నమ్ము. వీటన్నిటికీ పెద్ద ఒక మేడమ్. అందరూ పురుగుల మేడమ్ అంటారు. ఆవిడ గొంగళిపురుగుతో "తిన్నావా?" అంటుంది, మనిషితో మాత్రం "ఏం కావాలి?" అంటుంది.

అసలు సంగతి విను. బోర్డులు నచ్చితే నన్ను ఇక్కడే ఉంచేసుకుంటానంది. పురుగులు మారినప్పుడల్లా పేర్లు మార్చాలట, పని ఎప్పుడూ ఉంటుందట. అప్పుడు వెనకవైపు రెండు గదుల ఇల్లు ఇస్తారు. చూసొచ్చాను. వంటగదిలో కిటికీ ఉంది. నువ్వూ అమ్మా వచ్చేయొచ్చు. కాబట్టి మన కాపురం ఇప్పుడు ఒక బోర్డు మీద ఉంది.

పెద్ద బోర్డుకి మేడమ్ ఇచ్చిన చీటీలో ఇలా ఉంది: "రూపవిక్రియ మందిరం". ఇదేం మాట? కావలివాడిని అడిగితే "పెద్ద చదువుల మాట, నాతో ఎందుకు" అన్నాడు. మేడమ్ పక్కూరి సభకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బోర్డు పైకెక్కించి ఉంచమంది. నువ్వు చూసి చెప్పు.

రంగు గట్టిపడితే టర్పెంటైన్ కలుపు. కొద్దిగానే. ఊచలకి ఎరుపేంటి, జైలులాగా?

నీ మొగుడు

—

ఇల్లు, వంటగది గడప

శ్రీవారికి,

మంచిపని చేశారు, అడిగారు. చదువుకున్నవాళ్ళు తొందరలో రాస్తారు, వాళ్ళకి ఒక గుడి ఎక్కువైనా తక్కువైనా పట్టదు. అది "విక్రియ" కాదు. "విక్రయ". విక్రయం అంటే అమ్మకం. మన వీధి చివర "పాత ఇనుము కొనుగోలు, విక్రయం" అని మీరే కదా రాశారు, మర్చిపోయారా? రూపాలంటే బొమ్మలు. సీతాకోకచిలుకల బొమ్మలు అమ్మే హాలు అయి ఉంటుంది. "క్ర" మీద గుడి తీసేసి తలకట్టు పెట్టండి. "రూపవిక్రయ మందిరం". ఇందులో నాకు అనుమానమే లేదు.

అత్తయ్యకి వంటగది కిటికీ సంగతి చెప్పాను. "కిటికీలోంచి ఏం కనిపిస్తుందట?" అన్నారు. పురుగులు అన్నాను. "ఇక్కడ మాత్రం?" అని బియ్యం చేట చూపించారు.

ఒక ముక్క అడగనా? తలకట్టు వేసేటప్పుడు బ్రష్ కింద నుంచి పైకి విసురుతారా, పై నుంచి కిందికి లాగుతారా? చివర ఆ కొస సన్నగా ఎలా వస్తుంది? ఊరికే తెలుసుకుందామని.

ఇట్లు,
మీ తప్పులు దిద్దేది

—

ప్రదర్శనశాల

తప్పులు దిద్దే శ్రీమతికి,

బోర్డు ఎక్కించాం. నువ్వు చెప్పినట్టే. నిలువెత్తు అక్షరాలు, నీలం మీద పసుపు. ఊరంతా ఆగి చదువుతున్నారు. గేటు దగ్గర జనం. ఇంత జనాన్ని ఈ హాలు ఎప్పుడూ చూడలేదని కావలివాడే అన్నాడు. మేడమ్ కూడా వచ్చేసింది. చూసింది.

నేను బాగున్నాను. పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం. అమ్మకి చెప్పు.

తలకట్టు కింద నుంచి పైకి. చివర్లో మణికట్టు వదిలేయాలి. నీకెందుకు?

—

ఇల్లు, వెనక వసారా

ఏమండీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మాటలు బాగానే ఉన్నాయి, అక్షరాలు బాగాలేవు. మీ అక్షరాలు నాకు తెలుసు. అవి కుడివైపుకి కొద్దిగా వాలి, భోజనం చేసొచ్చిన పెద్దమనుషుల్లా నిలబడతాయి. ఈసారి అన్నీ ఎడమకి పడిపోతున్నాయి. సున్నాలు కోడిగుడ్లలా ఉన్నాయి. మీరు ఎడమ చేత్తో రాశారు.

ఇంకో సంగతి. మేడమ్ "చూసింది" అని రాసి చుక్క పెట్టారు. మిమ్మల్ని ఎవరైనా మెచ్చుకుంటే రెండు పేజీలు రాసే మనిషి మీరు. చూసి ఏమంది?

అత్తయ్యకి మీరు బాగున్నారని చెప్పాను. "బాగుంటే నీ మొహం అలా ఉందేం?" అన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో మీరే రాయండి. కుడి చేత్తో రాయలేకపోతే ఎడమ చేత్తోనే రాయండి. నిజం ఎటు వాలినా చదువుకుంటాను.

—

ప్రదర్శనశాల, మెట్ల కింద గది

దొంగని పట్టిన శ్రీమతికి,

సరే, విను. నవ్వకు. నవ్వినా ఫరవాలేదు, నాకు కనిపించదు.

బోర్డు ఎక్కించిన మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర జనం. ఎందుకొచ్చారో నాకు మొదట అర్థం కాలేదు. ఒక ముసలాయన ముందుకొచ్చి, "బాబూ, ముక్కు ఒక్కటే మార్చుకోవచ్చా, మొహం మొత్తం తీసుకోవాలా?" అన్నాడు. ఒకావిడ మొగుడిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "ఈయన్ని మీరు ఉంచుకుని, మంచి రూపం ఏదైనా ఇస్తారా?" అంది. ఆయన కూడా ఆశగా లోపలికి తొంగి చూశాడు, ఆయనకీ మార్పు కావాలనుకుంటా. కావలివాడు వాళ్ళని ఆపలేక, "చిన్న సైజు రూపాలు అయిపోయాయి, రేపు రండి" అని చెప్పడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మేడమ్ ఆటో దిగింది. ఆ జనాన్ని చూసి ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందో! "నా పురుగుల కోసం ఇంతమందా!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత తల ఎత్తి బోర్డు చదివింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎవరు మార్చారు?" అంది. నేనే అన్నాను. గుడ్డ కప్పుదామని నిచ్చెన మీదికి పరిగెత్తాను. లేని మెట్టు మీద కాలు పెట్టాను. కుడి మణికట్టు ఎముక చిట్లింది. పిండికట్టు వేశారు. నాకంటే ముందు గుడ్డ కిందపడింది కాబట్టి తల బతికింది.

మాట అర్థం ఇప్పుడు చెప్తాను. ఆసుపత్రికి వెళ్ళే దారి పొడుగునా మేడమ్ నాకు అదే చెప్పింది, నొప్పి తెలియకుండా ఉండాలని కాదు, కోపం పట్టలేక. రూపవిక్రియ అంటే అమ్మకం కాదు. ప్రాణి పెరిగే క్రమంలో ఒక రూపం వదిలి ఇంకో రూపంలోకి మారడం. దూడ ఎద్దు అవడం రూపవిక్రియ కాదు, అది ఒట్టి పెరుగుదల, ఉన్నదే పెద్దదవడం. తోకకప్ప కప్ప అవడం రూపవిక్రియ. తోక పోతుంది, కాళ్ళొస్తాయి, నీళ్ళలోది గట్టెక్కుతుంది. సీతాకోకచిలుకకి నాలుగు దశలు: గుడ్డు, డింభకం, కోశస్థ దశ, రెక్కలొచ్చిన ప్రౌఢజీవి. డింభకం అంటే గొంగళిపురుగు, దానికి తినడమే పని. కోశస్థ దశ అంటే గూట్లో ఉండే కాలం, తిండి లేదు, కదలిక లేదు. పాత ఒళ్ళు చాలావరకు లోపలే కరిగి కొత్తది తయారవుతుందట. బొద్దింకది మాత్రం అసంపూర్ణ రూపవిక్రియ. పిల్ల బొద్దింక అచ్చం పెద్ద బొద్దింకలాగే ఉంటుంది, రెక్కలే ఆలస్యం.

వచ్చే నెలాఖరుకి హాలు కొత్త పేరుతో మళ్ళీ తెరుస్తారు. ఈలోపు పెద్ద బోర్డు దిద్దాలి, నాలుగు దశల బోర్డులూ రాయాలి. "కట్టు విప్పినా నీ చెయ్యి అప్పటికి బ్రష్‌కి రాదు. వేరే పెయింటర్‌ని పిలుస్తాను. బోర్డులు ఎవరు పూర్తిచేస్తే పని వాళ్ళకే" అంది మేడమ్. న్యాయమే. రెండు గదులు, వంటగది కిటికీ, అన్నీ వాడికే.

నువ్వు బాధపడకు. గుడి తీసింది నేనే.

—

ఇల్లు, వంటగది గడప

డింభకం గారికి,

(ఇది తిట్టేమో అనుకుని మొదట భయపడ్డాను. ఇప్పుడు బాగుంది, ఉంచేస్తాను.)

గుడి తీసింది మీరు కాదు, నేను. అనుమానమే లేదని కూడా రాశాను. నాకున్న ఒక్క ఆస్తీ అలా పోయింది. మీరు మీద వేసుకున్నారు, చెయ్యి కూడా విరగ్గొట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ముసలాయన ముక్కు దగ్గర నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో అత్తయ్య చూశారు. "ఏమైందే, పూనకమా?" అన్నారు. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను.

అత్తయ్య ముందు మీ చేతి గురించి కంగారుపడ్డారు. తర్వాత, "అయితే మీ మామయ్యది ఏ రకం?" అన్నారు.

"పెళ్ళికి ముందు ఎలా ఉండేవారు?" అన్నాను.

"తిని పడుకునేవాడు."

"పెళ్ళయ్యాక?"

"పడుకుని తినేవాడు."

"అయితే బొద్దింక రకమే అత్తయ్యా" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. మామయ్య ఫోటో గోడ మీద నుంచి చూస్తోంది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని కిందికి జారిపోయేదాకా నవ్వారు. "పాపం, రెక్కలు కూడా రాలేదే" అన్నారు. ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. నేనూ ఒకటి దాచాను.

మన కిటికీ ఊచలు ఎప్పటిలాగే తుప్పుపట్టి ఉన్నాయి. ఆ ఎర్రరంగు టైలర్ బోర్డుకి పోయింది. మీరు వెళ్ళిన వారానికే అతను వచ్చి బోర్డు కావాలన్నాడు. "మావాడు ఊళ్ళో లేడు" అని అత్తయ్య పంపించేయబోతుంటే, నేను తలుపు వెనక నుంచి ఆవిడ కొంగు లాగాను. మీ పాత బ్రష్‌లు కడిగి పెట్టుకున్నాను. మీరు రాస్తుంటే రోజూ తలుపు సందులోంచి చూసేదాన్ని కదా, చెయ్యి ఎటు తిరుగుతుందో కళ్ళకి తెలుసు. చేతికి నేర్పడమే కష్టమైంది. వసారా గోడంతా "అ ఆ"లు రాసి తుడిచాను. టైలర్ బోర్డు తర్వాత మందులషాపు, ఆ తర్వాత సైకిల్ రిపేరు. అడిగినవాళ్ళకి అత్తయ్య, "మావాడు రాత్రి వచ్చి రాసి తెల్లారేసరికి వెళ్ళిపోయాడు" అని చెప్తున్నారు. మీరు ఇక్కడ ఒక దయ్యంలా మంచి పేరు తెచ్చుకున్నారు.

మీరు మణికట్టు వదిలేయమని రాసినప్పటి నుంచి నా తలకట్టు కొస సన్నగా వస్తోంది.

కాబట్టి నేను వస్తున్నాను. ఆ గుడి నేను పెడతాను. నాలుగు దశలూ నేను రాస్తాను. వేరే పెయింటర్‌ని పిలవద్దని మేడమ్‌తో చెప్పండి. అత్తయ్య పెట్టె సర్దేశారు. "ముందు నువ్వెళ్ళు, కిటికీ ఖాయమయ్యాక నేనొస్తాను" అంటున్నారు.

—

ప్రదర్శనశాల

తలుపు సందు పెయింటర్‌కి,

నీ ఉత్తరం చదివి నిచ్చెనకి కూడా వినిపించాను. దయ్యంలా పేరు తెచ్చుకున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

రా. కానీ ఒక్కటి చెప్తాను. మేడమ్‌ని అడిగాను. "ఎవరో వస్తే నాకెలా తెలుస్తుంది, వచ్చి తనే మాట్లాడమను" అంది. నేను పక్కన నిలబడి నీ బదులు మాట్లాడదామంటే కుదరదు. నువ్వొచ్చే రోజే నా పిండికట్టు కోయించుకోవాలి, ఆసుపత్రిలో పగలంతా పడుతుంది. ఆవిడ ముందు నువ్వొక్కదానివే నోరు విప్పాలి. నిచ్చెన మెట్టు బాగుచేయించాను. నోటికి మాత్రం నేనేం చేయలేను.

కావలివాడు నిన్ను లోపలికి పంపిస్తాడు. "మాటలు రానావిడ అని చెప్పాను, గుర్తుపడతావు" అన్నాను వాడితో.

—

మెట్ల కింద గది, మీ నిచ్చెన ఉండే చోట

ఏమండీ,

మీరు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నిద్రపోతానేమో. అందుకని రాసి దిండు మీద పెడుతున్నాను. పక్కనే ఉన్న మనిషికి ఉత్తరం ఏంటని నవ్వకండి. ఎదురుగా చెప్పబోతే మళ్ళీ "ఏం లేదు" అంటానని భయం.

మీ కావలివాడు గేటు దగ్గర నాతో చేతులు తిప్పుతూ సైగలు చేశాడు. పాపం, చాలా కష్టపడ్డాడు. నేనూ చేతులతోనే జవాబిచ్చాను. అతని మనసు ఎందుకు నొప్పించాలి.

మేడమ్ బోనులో ఆకులు మారుస్తోంది. తల ఎత్తకుండానే "ఏం కావాలి?" అంది. పెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ "ఎవరమ్మా నువ్వు?" అంది. "ఏం లేదండీ" అన్నాను. నిజంగా అదే అన్నాను. ఆవిడ మళ్ళీ ఆకుల వైపు తిరిగింది.

అప్పుడు కిటికీ అద్దంలోంచి బోర్డు వెనకవైపు కనిపించింది. దానికి కప్పిన గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ఆ గుడ్డ కోసమే కదా మీ చెయ్యి విరిగింది అనుకున్నాను.

"ఆ గుడి తీయించింది నేనండీ" అన్నాను. "ఆయన మీరు రాసిచ్చింది రాసిచ్చినట్టే నాకు పంపించారు. నాకన్నీ తెలుసనుకుని నేనే తప్పు చేశాను. ఆ గుడి మళ్ళీ పెట్టడానికొచ్చాను."

మేడమ్ పూర్తిగా ఇటు తిరిగింది. "రూపవిక్రియ అంటే ఏంటో ఇప్పుడైనా తెలుసా?" అంది. తెలుసన్నాను. దూడ, తోకకప్ప, బొద్దింక అన్నీ చెప్పాను. మామయ్య పేరు చెప్పలేదు. నాలుగు దశలూ చెప్పాను. "మూడో దశలో పురుగు గూట్లో నిద్రపోతుంది" అన్నాను.

"నిద్ర కాదు" అందావిడ. "బయటికి కదలదు, అంతే. లోపల దానికి ఊపిరి సలపనంత పని."

ఈ మాట అత్తయ్యకి రాయాలి. నేను మధ్యాహ్నం పడుకున్నప్పుడల్లా తిడతారు కదా.

గుడ్డ తీయించారు. నిచ్చెన ఎక్కాను. కింద జనం పోగయ్యారు. ఒక ముసలాయన, మీ ముక్కాయనే అనుకుంటాను, "మళ్ళీ అమ్మకం మొదలా?" అన్నాడు. అంత ఎత్తు నుంచి అందరికీ వినపడేలా, "అమ్మకం లేదు తాతయ్యా, ఉన్న ముక్కుతోనే సర్దుకోండి" అన్నాను. జనం గొల్లుమన్నారు. కావలివాడు చేతిలో కర్ర వదిలేశాడు. "మాటలొచ్చాయి!" అని అరిచాడు.

తలకట్టు తుడిచి గుడి వేశాను. మణికట్టు వదిలేశాను, మీరు చెప్పినట్టే.

డింభకం బోర్డు కూడా సాయంత్రానికి పూర్తిచేశాను. మేడమ్ చాలాసేపు చూసి, "రేపు మిగతావి రాయి. ఇక మీదట ఏ మాటైనా ముందు నాకు చూపించండి, ఒకళ్ళకొకళ్ళు చూపించుకోవడం కాదు" అంది. "చూపించండి" అంది, విన్నారా? ఇద్దరినీ కలిపి అంది. వెనక ఇంటి తాళం నా చేతిలో పెట్టింది. కిటికీ చూశాను. పురుగులే కనిపిస్తాయి. బాగుంది.

ఇట్లు,
మీ భార్య

—

అదే గది

ప్రయమైన భార్యకి,

కట్టు కోశారు. ఇది మళ్ళీ కుడి చేత్తో రాసిన మొదటి ఉత్తరం, వంకరగా ఉంటే క్షమించు. నువ్వు నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు. బోర్డు చూసొచ్చాను. కావలివాడు దీపం పట్టి చూపించాడు. నీ గుడి నా అక్షరాల కంటే బాగుంది.

నిద్రపోతున్నావా, లోపల పని జరుగుతోందా?

—

ఈ కాగితం వెనకవైపు

పనే జరుగుతోంది. మీరు రాస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని పెన్ను చప్పుడు వింటున్నాను.

మొదటి మాటలో "ప్ర"కి గుడి తక్కువైంది. పెట్టాను. ఈ మాట మేడమ్‌కి చూపించక్కర్లేదు, దీని స్పెల్లింగ్ నాకు బాగా తెలుసు.

కాగితం పక్కన పెట్టి, ఆ మాట ఒకసారి నోటితో చెప్పండి. అక్కడ తప్పు పోతే నోటితోనే దిద్దుతాను.